కల్నల్ మెకంజీకి దండలు వద్దు, ఆయన రాయించిన కైఫియతులు ఊళ్లకు చేర్చండి

రెండు తెలుగు రాష్ట్రాల పత్రాగార, పురావస్తు, దేవాదాయ, పాఠశాల విద్యా శాఖల అధికారులకు, చరిత్ర అధ్యాపకులకు నమస్కారం.

విషయం: కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణలోని తెలుగు గ్రామ కైఫియతులను (ఊరి చరిత్ర, గుళ్లు, చెరువులు, మాన్యాల వివరాలు రాయించిన పత్రాలను) ఊరి పేరుతో వెతుక్కునేలా, ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టమని విన్నపం.

ఈ సంగతి మీద ఇదివరకు అర్జీలు వెళ్లాయి. "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప మరో జవాబు రాలేదు. అందుకని ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. మేం కైఫియతులు చదివేవాళ్లం, వాటికి శుద్ధప్రతులు రాసేవాళ్లం. ఎక్కడ ఏం పోతోందో, దాన్ని ఎలా ఆపవచ్చో మాత్రమే చెబుతాం.

ముందు ఆ మనిషి గురించి. మెకంజీ అనగానే సభల్లో ఒక బొమ్మ, రెండు పొగడ్తలతో సరిపెట్టడం అలవాటైంది.

మెకంజీ 1754లో స్కాట్లండ్ వాయవ్యాన లూయిస్ దీవిలోని స్టోర్నవే ఊళ్లో పుట్టాడు. అక్కడే కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగేసరికి వయసు ముప్పై దగ్గర పడింది. కేడెట్లలో చాలామంది పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు. 1786లో కాల్బలం నుంచి ఇంజనీర్ల దళానికి మారాడు. టిప్పు మీద జరిగిన రెండు యుద్ధాల్లోనూ, 1793 పుదుచ్చేరి ముట్టడిలోనూ, సింహళంలోనూ పనిచేశాడు. 1792 నుంచి నిజాం రాజ్యంలో కంపెనీ దళంతో ఉండి దారులు, కనుమలు, నదులు కొలిచాడు. 1794లో శ్రీశైలం వెళ్లి గుడి వివరాలు రాసుకున్నాడు. అచ్చులో ఆ వ్యాసం 'పెర్వట్టం' అన్న పేరుతో ఉంది. మన 'పర్వతం' ఇంగ్లీషు చెవికి అలా వినిపించింది. ఇలాంటి పేర్ల చిక్కు గురించి కింద మళ్లీ చెబుతాం.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే ఆయనకు అప్పగించారు. దాదాపు 40 వేల చదరపు మైళ్ల నేల. గొలుసుతో ఆధారరేఖ కొలవడం, థియొడలైటుతో త్రిభుజాలు కట్టడం, వాటి మధ్య ఊళ్లను, చెరువులను, బాటలను ప్లేన్ టేబుల్ మీద నింపుకుంటూ పోవడం, బాట పొడవును చక్రం దొర్లించి లెక్కపెట్టడం, ఇదీ పద్ధతి. సర్వేకి మంజూరైన సొమ్ము తగ్గించినా పని ఆగలేదు. పటంతోపాటు ఊరి చరిత్ర కూడా రాయించడం ఆయన పెట్టుకున్న అదనపు పని. దానికి చాలా ఖర్చు సొంత జేబులోంచే పెట్టుకున్నాడు. ఆ తర్వాత దత్తమండలాల సర్వే వచ్చింది. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1811 నుంచి 1813 దాకా జావా యుద్ధంలో ఉన్నాడు. 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్‌గా నియమించారు. 1819లో కల్నల్ హోదా వచ్చింది. 1821 మే 8న కలకత్తా దగ్గర కన్నుమూశాడు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యమని మేం అడగడం లేదు. ఆ పని కాటన్ దొరకు ఎలాగూ జరిగింది, ఒకరు చాలు. మెకంజీ కంపెనీ సిపాయి. సైన్యం నడవడానికీ, సిస్తు వసూలుకూ పనికొచ్చే పటాల కోసమే కంపెనీ ఆయనకు జీతమిచ్చింది. 1812లో జావాలోని యోగ్యకర్త కోటను పట్టుకున్న సైన్యంలో ఆయన ఉన్నాడు. కోటలోని రాతప్రతులు అప్పుడే చేతులు మారాయి. ఇవన్నీ చెప్పుకుంటూనే ఆ కాగితాలు మనకెందుకు కావాలో చూడాలి.

మెకంజీకి మన భాషలు రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. 1817లో రాసిన ఉత్తరంలో, ఈ దేశంలో తన మొదటి పదమూడేళ్లు ఈ విషయంలో పెద్దగా ఫలించలేదనీ, ఒక బ్రాహ్మణుడి పరిచయంతోనే ఇక్కడి విజ్ఞానపు గుమ్మం లోపలికి తొలి అడుగు వేశాననీ చెప్పాడు. ఆ మనిషి ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య. హళెగన్నడ (పాత కన్నడ) శాసన లిపిని పోల్చుకుని చదవగలిగిన మేధావి. 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కన్ కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేశాడు. నారాయణరావు, జైన పండితుడు ధర్మయ్య వంటి వాళ్లు ఊరూరా తిరిగారు. కరణం ఇంట్లోని కవిలెకట్టలు (ఊరి లెక్కల కట్టలు) విప్పించి, గుడి ముందు శాసనానికి నకలు తీసి, పెద్దవాళ్లు చెప్పింది రాసుకున్నారు. మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ ఆయనకు అంత శక్తి లేదని తోసిపుచ్చింది. పాతికేళ్లకు పైగా ఆ పనే చేసిన మనిషికి దక్కిన జవాబు అది!

సేకరణ ఎంతటిదో ఏసియాటిక్ సొసైటీ కార్యదర్శి హెచ్.హెచ్. విల్సన్ 1828లో అచ్చువేసిన పట్టిక చెబుతుంది. 1,568 గ్రంథాల రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన నకళ్లు, 2,159 అనువాదాలు, 79 పటాలు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు. దక్షిణాది భాషల రాతప్రతులు, స్థానిక చరిత్రలు తిరిగి మద్రాసు చేరాయి. పటాలు, బొమ్మలు, అనువాదాల్లో పెద్ద భాగం లండన్ వెళ్లింది. అప్పటికే కాగితం పురుగు పట్టి, సిరా వెలిసిపోతుంటే 1830ల చివర మిషనరీ విలియం టేలర్, ఆ తర్వాత సి.పి. బ్రౌన్ మళ్లీ రాయించారు. ఇవాళ మనం చదివే తెలుగు కైఫియతుల్లో చాలావాటికి ఆధారం బ్రౌన్ రాయించిన ఆ ప్రతులే. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం ఆ జిల్లా కైఫియతులను సంపుటాలుగా అచ్చువేసింది. గుంటూరు ప్రాంతానివి కొన్ని అచ్చయ్యాయి. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. అయితే అచ్చు పుస్తకం వెయ్యి ప్రతులతో ఆగిపోతుంది. ఊళ్లో ఉన్నవాడికి అది కంటపడదు.

ఇందువల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం, మేం అడుగుతున్న పని, రెండూ కలిపి అంశాలవారీగా రాస్తున్నాం.

1. ముందు కావలసింది ఊళ్ల జాబితా. స్కానింగ్ దాని తర్వాతే. వేల పుటలు ఫొటోలు తీసి 'సంపుటం 14, భాగం 2' అని పేరు పెట్టి వదిలేస్తే అవి దొరకనట్టే లెక్క. జాబితాలో ప్రతి కైఫియతుకూ ఇవి ఉండాలి: రాతప్రతిలో ఊరి పేరు ఉన్నది ఉన్నట్టుగా, ఇప్పటి పేరు, మండలం, జిల్లా, జనాభా లెక్కల గ్రామ సంఖ్య, అప్పటి పాలనా విభాగాలు (సమితు, తాలూకా, సర్కారు), సంపుటం, ఆకు సంఖ్య, అది మూలమా లేక తర్వాతి నకలా, ఏ భాష, ఏ లిపి. కొన్ని స్థానిక చరిత్రలు మరాఠీలో, మోడి అనే పాత గొలుసుకట్టు లిపిలో ఉన్నాయి. వాటిని తెలుగు గుట్టలో కలిపేస్తే ఇక ఎవరూ ముట్టుకోరు. ఇంగ్లీషు పట్టికలోని పేర్లను నమ్ముకుని జాబితా కట్టకూడదు. 'పెర్వట్టం' శ్రీశైలమని తెలియనివాడు దాన్ని ఏ జిల్లాలో వెతుకుతాడు? ముంపు ఊళ్లకు ప్రత్యేక గుర్తు పెట్టాలి. సోమశిల, గండికోట జలాశయాల కింద కడప జిల్లా ఊళ్లు పోయాయి. ఆ కుటుంబాలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నాయి. వాళ్ల పాత ఊరికి కైఫియతు ఉంటే గుడి, చెరువు, వీధి పేర్లతో మిగిలింది ఆ కాగితమే.

2. ఫొటో తీసే పద్ధతి. పుటను గాజు కింద అదిమి నొక్కకూడదు, పెళుసెక్కిన కాగితం మడత దగ్గర విరుగుతుంది. పుస్తకం సగమే తెరుచుకునే ఊయలలాంటి స్టాండు మీద పెట్టి పైనుంచి తీయాలి. అంగుళానికి 400 చుక్కలు, పూర్తి రంగులో, పక్కన రంగుల పట్టీ, కొలబద్ద ఉండాలి. నలుపు తెలుపులో తీస్తే వెలిసిన గోధుమరంగు సిరా, కాగితం మరక ఒకటైపోతాయి. తాళపత్రమైతే గంటంతో గీసిన గాడి కనపడేలా పక్క నుంచి వాలుగా వెలుతురు పెట్టాలి. ఆరిపోయిన ఆకుకు నిమ్మగడ్డి నూనె, మసి పట్టించే పని తెలిసినవాళ్ల చేత చేయించాలి, అటెండరు చేత కాదు. ఎనిమిది అంగుళాలకు పదమూడు అంగుళాల పుట ఒకటి, కుదించకుండా దాస్తే సుమారు 50 ఎంబీ అవుతుంది. అంటే 2 టీబీ హార్డ్‌డిస్కులో 40 వేల పుటలు పడతాయి. మూడు ప్రతులు మూడు ఊళ్లలో దాచినా అయ్యే ఖర్చు, ఒక్క విగ్రహం దిమ్మెకయ్యే ఖర్చు కాదు.

3. అక్షరాల్లోకి ఎత్తడంలోనే ఎక్కువ పాడవుతుంది. ఈ అంశం కాస్త ఓపిగ్గా చదవమని మనవి.

పాత రాతలో వలపలగిలక ఉంటుంది, అంటే అక్షరానికి ముందు పలికే 'ర్'ను ఆ అక్షరం తర్వాత చూపే గుర్తు. 'సర్కారు ముర్తుజానగరు' అనడానికి 'సకా౯రు ముతు౯జానగరు' అని రాస్తారు. కొండవీటికి కుతుబ్‌షాహీల నాటి పేరు అది. వలపలగిలక అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. కంప్యూటరు దాన్ని 9 అని చదువుతుంది. తెలియని టైపిస్టు కూడా అంతే. 'ధమ౯కత౯' అన్నది 'ధమ9కత9' అయ్యాక, ధర్మకర్త అని వెతికినవాడికి ఏమీ దొరకదు. అలాగే ఎత్వ ఏత్వాలకు, ఒత్వ ఓత్వాలకు తేడా చూపరు, మాటల మధ్య ఎడం ఉండదు.

అంకెల సంగతి ఇంకా ప్రమాదం. పాత లెక్కల్లో నిలువు గీతలు పావుల్ని, అడ్డగీతలు వీసాల్ని (పదహారో వంతుల్ని) చూపిస్తాయి. ఒక నిలువు గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. నకలు రాసేవాడు ఆ గీతను వాక్యం చివరి దండం అనుకుని వదిలేశాడా, పుట్టిన్నర మాన్యం కాస్తా పుట్టి అవుతుంది. ఈ గీతలకు యూనికోడ్‌లో స్థానం ఉంది. టైపు చెయ్యడం కుదరదన్న సాకు చెల్లదు.

కాబట్టి ప్రతి కైఫియతుకూ రెండు పాఠాలు కావాలి. ఒకటి యథాతథం, వలపలగిలకతో సహా. రెండోది ఇప్పటి వర్ణక్రమంలో, మాటలు విడదీసి. రెండూ ఒకే తెర మీద ఫొటో పక్కన కనపడాలి. సంపాదకుడు తప్పనుకున్నదాన్ని పాఠంలో దిద్దకూడదు, పక్కన రాయాలి. కుచ్చెల, పుట్టి, తూము వంటి కొలతలను ఎకరాల్లోకి మార్చి పాఠంలోకి చొప్పించవద్దు. ఏ గడతో కొలిచారో తెలియకుండా చేసే మార్పు ఊళ్లో తగువు తెస్తుంది.

4. తేదీలు సరిచూసే పద్ధతి ప్రతి పుటలోనూ కనపడాలి. శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం, ఫసలీకి (సిస్తు లెక్కల ఏడుకు) 590 కలపాలి. కైఫియతులో శక సంవత్సరంతోపాటు ప్రభవ, విభవ పేరు ఉంటే అది వరం. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్న ఏడు శక 1437, యువ. 78 కలిపితే 1515, ఆ ఏడు యువే, సరిపోయింది. నకలు రాసేవాడు తెలుగు మూడును రెండుగా పొరబడితే 1427 అవుతుంది. కానీ ఆ ఏడు క్రోధన. పేరూ అంకే పొసగలేదంటే ఎక్కడో చెయ్యి జారిందని అర్థం. అరవై పేర్ల పట్టికతో ఇంటర్ విద్యార్థి కూడా చెయ్యగల పరీక్ష ఇది.

అయితే కైఫియతు మొదట్లో వచ్చే ముక్కంటి అనే త్రిలోచన పల్లవుడి వంటి కథల రాజులు, వాళ్ల పేరున చెప్పే శక సంవత్సరాలు జనం నోటి మాట. రెడ్డిరాజుల నుంచి ఇటు వచ్చేకొద్దీ నేల గట్టిపడుతుంది. ఈ తేడా చెప్పకపోవడం వల్ల ఏం జరుగుతోందో మీకూ తెలుసు. మొదటి పేరా ఒక్కటి కత్తిరించి, మా కులం వాళ్లదే ఈ ఊరు అని వాట్సాప్‌లో తిప్పుతారు. తర్వాతి పుటలో చెరువు ఎవరు తవ్వారో, మంగలికి, కుమ్మరికి, మాదిగకు ఏ మాన్యం ఉందో రాసి ఉన్నా అది ఎవరి కంటా పడదు. పూర్తి పాఠం బయట ఉంటే ఆ ముక్కను వెంటనే పక్కన పెట్టి చూపవచ్చు.

5. కైఫియతు హక్కుపత్రం కాదు. ఈ మాట ప్రతి పుట మీదా ముద్రించండి. భూమి తగాదాకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు, ఆర్‌ఎస్‌ఆర్, ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో సేత్వారు వంటి సర్కారు భూమి రికార్డులు ఉన్నాయి. కానీ చెరువు ఎక్కడి దాకా ఉండేది, అలుగు ఏ దిక్కున, గుడికి దీపారాధన మాన్యం ఏ పొలంలో అన్నవి ఆనవాళ్లుగా కైఫియతులో దొరుకుతాయి. ఆ ఆనవాలు పట్టుకుని రిజిస్టర్లో ఏ పేజీ తిరగెయ్యాలో ఊరివాళ్లకు తెలుస్తుంది. అది తెలియకే చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) కబ్జా మీద ఇచ్చిన అర్జీల్లో చాలావాటికి 'ఆధారం చూపలేదు' అన్న ముగింపు పడుతోంది.

6. దేవాదాయ శాఖకు విడిగా. కైఫియతులో చెప్పిన శాసనం ఇప్పుడు గుళ్లో ఉందా లేదా చూసుకోకుండా జీర్ణోద్ధరణ అనుమతి ఇవ్వకండి. సున్నం, ఎనామిల్ పెయింటు అక్షరాల్ని పూడ్చేస్తాయి. గ్రానైటు పలక వాటిని కప్పేస్తుంది. ఇసుక పిచికారీ మాత్రం అక్షరాన్నే తినేస్తుంది, అది పోతే మళ్లీ రాదు. పని మొదలుపెట్టక ముందే ముద్ర తీయించండి. రాయిని నీళ్లతో, మెత్తటి కుంచెతో కడిగి, తడిపిన కాగితం పరిచి, బుడగలు లేకుండా కుంచెతో కొట్టి గాళ్లలోకి దింపి, కాస్త ఆరాక సిరా గుడ్డతో అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. ఒక రాయికి ఒక పూట పని.

రాయి పోయాక కాగితమే దిక్కు అనడానికి అమరావతి చాలు. మెకంజీ 1798లో చూసినప్పటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కట్టడాలకు దీపాలదిన్నె (అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బ) నుంచి పాలరాళ్లు తరలుతున్నాయి. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువుగా మారింది. అప్పుడు ఆయన మనుషులు కూర్చుని ఒక్కో ఫలకాన్నీ బొమ్మ గీశారు. వాటిలో కొన్ని ఫలకాలు ఇవాళ ఎక్కడా లేవు, బొమ్మే ఉంది. ఆ బొమ్మల పుస్తకం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

7. చెన్నై, లండన్‌లతో రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోండి. కైఫియతుల ఫొటోలు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం నుంచి, పటాలు, బొమ్మలు లండన్ నుంచి, జనానికి ఉచితంగా చూపే హక్కుతో సహా రావాలి. తెలంగాణ ఊళ్లకు కైఫియతులు తక్కువ. అక్కడికి 1790ల నాటి దారి పటాలే ముఖ్యం.

8. పాఠ్యపుస్తకంలో మెకంజీ పేరు పక్కన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పేర్లు వేయండి. 1816లో చిత్రకారుడు థామస్ హికీ వేసిన చిత్రంలోనే మెకంజీ చుట్టూ ముగ్గురు దేశీయులు ఉన్నారు. మన పుస్తకాలకు ఎర్రకోటు దొర ఒక్కడే కనపడుతున్నాడు. తొమ్మిదో తరగతిలో ఆ జిల్లా కైఫియతు ఒకటి, రెండు పుటలు చాలు, చదివే పాఠంగా పెట్టండి. పిల్లలు సొంత ఊరి పేరును పాత రాతలో పోల్చుకోగలిగితే సరి.

ఇదంతా ఒక్కసారిగా చెయ్యమనడం లేదు. ఒక పాత తాలూకా తీసుకోండి. మొదటి నెల జాబితా, రెండో నెల ఫొటోలు, తర్వాత నాలుగు నెలలు పాఠం. పాఠం ఎత్తేవాళ్లు ఇద్దరు, ఒకరిది మరొకరు చూడకుండా ఎత్తాలి. తేడాలను మూడో మనిషి తేల్చాలి. తాళపత్రాలు చదివిన రిటైర్డు పండితులు ఇంకా కొందరు ఉన్నారు, మోడి చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లకు రోజుకూలీ కాకుండా పుటకింత అని గౌరవంగా ఇవ్వండి. తప్పులు చెప్పడానికి ప్రతి పుట కింద చోటు పెట్టండి, చెప్పిన తప్పుకు ముప్పై రోజుల్లో జవాబివ్వండి.

ఏ తాలూకాతో మొదలుపెడతారో, ఏ అధికారికి అప్పగిస్తారో, జాబితా ఏ తేదీకి బయటపెడతారో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం. జాబితా సరిచూడటానికి, వలపలగిలక, భిన్నపు గీతలు టైపు చేసేవాళ్లకు నేర్పడానికి మా వంతు పని పైసా తీసుకోకుండా చేస్తాం.

ఇట్లు,
కైఫియతుల పాఠకులు, శుద్ధప్రతులు రాసేవాళ్లు